అవ్వను చూసుకున్న అమ్మాయి గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సింగపూర్ తన వృద్ధుల కోసం కట్టిన ఇళ్ళు, పెట్టిన పథకాల గురించి వచ్చిన వ్యాసాన్ని మా చెల్లెలు ఫోన్‌లో పంపింది. రెండుసార్లు చదివాను. నేను 1995 నుంచి సింగపూర్‌లోనే ఉంటున్నాను. మొదట ఒక నర్సింగ్ హోంలో పనిచేశాను. తర్వాత ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చే, ట్యూబులు మార్చే నర్సునయ్యాను. దాదాపు ముప్పై ఏళ్ళు ఇక్కడి ముసలివాళ్ళ మధ్యే గడిచాయి. మీరు రాసినదాంట్లో తప్పు లేదు. కానీ అది సగమే. మిగతా సగం మా ఇంట్లోనే జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైతే క్షమించండి.

మీరు ఫొటో వేసిన కాంపుంగ్ అడ్మిరల్టీ, పెద్దవాళ్ళ కోసం కట్టిన ఆ భవనం, మా ఇంటికి పది నిమిషాల నడక. నిజంగానే మంచి కట్టడం. కింద అందరూ కూర్చునే చోటు, రెండో అంతస్తులో హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల చోటు, దాని పైన వైద్య కేంద్రం, ఆ పైన పసిపిల్లల బడి, దాని పక్కనే పెద్దవాళ్ళ కేంద్రం. 2018లో ప్రపంచ స్థాయి బహుమతి కూడా వచ్చింది. ఫొటో తీయడానికి విదేశాల నుంచి వస్తారు. కానీ అందులో పెద్దవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు 104 మాత్రమే. ఈ దేశంలో పౌరుల్లో ఐదుగురిలో ఒకరికి 65 దాటాయి. 2030 నాటికి నలుగురిలో ఒకరు అవుతారని ప్రభుత్వమే చెబుతోంది. ఆ మిగతావాళ్ళలో చాలామంది ఉండేది 1970ల్లో, 80ల్లో ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన మామూలు హెచ్‌డీబీ బ్లాకుల్లో. సింగపూర్ చేసిన అసలు పని అక్కడ చూడాలి.

నేను ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో ఆ పాత బ్లాకుల్లో లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగేది కాదు. నాలుగైదు అంతస్తులకు ఒకచోట ఆగేది. అక్కడ దిగి, మెట్లు ఎక్కో దిగో మన అంతస్తుకు చేరాలి. వయసులో ఉన్నవాళ్ళకు అదో లెక్క కాదు. తో పాయో అనే పేటలో ఏడో అంతస్తులో ఒక చైనీస్ ఆవిడ ఉండేది. షుగర్ వల్ల పాదానికి పుండు. వారానికి మూడుసార్లు వెళ్ళి కట్టు మార్చేదాన్ని. పక్షవాతం వచ్చాక ఆమె కిందికి దిగి మూడేళ్ళయిందట. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి రెండు అంతస్తులు దించేవాళ్ళు. ఆ భయానికే ఆమె ఆస్పత్రి తేదీలు ఎగ్గొట్టేది. పుండు మానకపోవడానికి షుగర్ ఎంత కారణమో ఆ మెట్లూ అంత కారణం.

2001లో ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఆగేలా పాత బ్లాకుల్ని మార్చే పథకం మొదలుపెట్టారు. బ్లాకులో నూటికి 75 ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, కొంత ఇంటివాళ్ళది. వాళ్ళ బ్లాకుకు లిఫ్టు వచ్చిన నెలలో నేను వెళ్తే ఆవిడ ఇంట్లో లేదు. కంగారు పడ్డాను. కింద, ఇక్కడ వాయిడ్ డెక్ అంటారు, స్తంభాల మధ్య ఖాళీగా ఉండే నేల, అక్కడ చక్రాల కుర్చీలో కూర్చుని పక్కింటావిడతో మాట్లాడుతోంది. ఆ రోజు కట్టు అక్కడే మార్చాను.

ముసలితనం అంటే మందులు, పెన్షన్ అనుకునేదాన్ని. అది గడప, గట్టు, మెట్టు కూడా అని నాకు ఈ ఊరు నేర్పింది. బాత్రూం ముందు ఉండే నాలుగంగుళాల గట్టు దగ్గర పడి తుంటి ఎముక విరిగినవాళ్ళను ఎంతమందిని చూశానో చెప్పలేను. తుంటి విరిగిన ముసలివాళ్ళలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. 2012 నుంచి ఇక్కడ బాత్రూంలో పట్టుకునే కమ్మీలు, జారకుండా నేలకు పూత, గడపకు చిన్న ర్యాంపు ప్రభుత్వమే చాలా తక్కువ ధరకు పెట్టిస్తోంది. రోడ్డు దాటే చోట పెద్దవాళ్ళు తమ కార్డు ఆనిస్తే పచ్చ లైటు ఇంకొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది. అది 2009 నుంచి ఉంది. ఇవన్నీ చిన్నవే. కానీ నాలాంటి వాళ్ళ దగ్గరికి వచ్చే కేసులు ఇక్కడే తగ్గుతాయి.

ఇదంతా డబ్బున్న దేశం కాబట్టి చేయగలిగిందని మీ వ్యాసం అంది. డబ్బు ఉంది, నిజమే. కానీ వీళ్ళు ముందుగా లెక్క వేశారు. పెద్దవాళ్ళ సమస్యల మీద కమిటీ వేసింది 1982లో. అప్పటికి జనాభాలో 65 దాటినవాళ్ళు నూటికి ఐదుగురు. వీధి నిండా పిల్లలే కనిపించే రోజులవి. ఆ కమిటీకి ఆరోగ్య మంత్రి హావ్ యూన్ చోంగ్ అధ్యక్షుడు. సీపీఎఫ్ అంటే మన పీఎఫ్ లాంటి పొదుపు. దాన్ని 55 ఏళ్ళకు కాకుండా 60కి ఇవ్వాలని 1984లో ఆ కమిటీ చెప్పింది. జనం మండిపడ్డారు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో అధికార పార్టీ ఓట్ల వాటా దాదాపు 13 శాతం పాయింట్లు తగ్గింది. నేను వచ్చినప్పుడు కూడా పాతవాళ్ళు ఆ సంగతి కోపంగానే చెప్పేవాళ్ళు. మా డబ్బు మాకు ఎప్పుడు ఇవ్వాలో మీరెలా చెబుతారు అన్నది వాళ్ళ ప్రశ్న. అందులో న్యాయం ఉంది. ప్రభుత్వం అప్పటికి వెనక్కి తగ్గింది, తర్వాత కొద్దికొద్దిగా అదే దారిలోకి తీసుకొచ్చింది. 2022 జులైలో పదవీ విరమణ వయసు 63 అయింది, ఆ తర్వాత 68 వరకు కంపెనీ మళ్ళీ పని చూపాలన్నారు. 2026 జులై నుంచి అవి 64, 69 అని నిర్ణయించారు. నాకు 63 నిండాయి. ఏడాదికోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టి వారానికి నాలుగు రోజులు పనిచేస్తున్నాను. పని ఉండటం నాకు ఇష్టమే. హాకర్ సెంటర్‌లో నా కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు ప్లేట్లు తీస్తూ కనిపిస్తే మాత్రం, వాళ్ళలో ఎవరు ఇష్టంతో చేస్తున్నారో ఎవరు గడవక చేస్తున్నారో ముఖం చూసి చెప్పలేక బాధపడతాను. సీపీఎఫ్ ఎవరి కష్టార్జితం వాళ్ళదే. తక్కువ సంపాదించినవాళ్ళకు, జీవితమంతా ఇంటి పని చేసిన ఆడవాళ్ళకు అందులో పెద్దగా ఏమీ ఉండదు. వాళ్ళ కోసం 2016 నుంచి మూడు నెలలకోసారి కొంత డబ్బు ఇస్తున్నారు. అది ఆసరా మాత్రమే.

లెక్క తప్పిన చోటు కూడా ఉంది. 1970ల్లో 'ఇద్దరు చాలు' అని ఊరంతా పోస్టర్లు పెట్టారు. మూడో బిడ్డను కంటే ప్రసవం ఫీజు పెంచారు. 1987కల్లా మాట మార్చి, స్తోమత ఉంటే ముగ్గుర్ని కనండి అన్నారు. అప్పటికి జనం అలవాటు మారిపోయింది. 2023లో ఇక్కడ ఒక్కో మహిళకు సగటు సంతానం 0.97. అంటే ఒకరు కూడా లేరు. నేను 90ల్లో చూసిన రోగులకు అయిదుగురు, ఆరుగురు పిల్లలు. ఒకరు ఉదయం, ఒకరు సాయంత్రం వచ్చేవాళ్ళు. ఇప్పుడు వెళ్ళే ఇళ్ళల్లో ఒకే కూతురు, ఉద్యోగం, ఇద్దరు ముసలివాళ్ళు. మాకూ ఒక్కతే అమ్మాయి. ఆమె ఉండేది మెల్‌బోర్న్‌లో.

ఇక్కడి నుంచే మీరు రాయని సగం మొదలవుతుంది.

మా అత్తగారు 2013లో మా దగ్గరికి వచ్చారు. మామగారు పోయాక ఒంటరిగా ఉండలేకపోయారు. ఆవిడకు ఇక్కడ దీర్ఘకాల సందర్శక పాస్ ఉండేది. ఆ పాస్ మీద ఉన్నవాళ్ళకు మెడిషీల్డ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండదు, ఆస్పత్రిలో సబ్సిడీ ఉండదు. మీ పాఠకుల్లో పిల్లలు సింగపూర్‌లో ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఇది వివరంగా చెబుతున్నాను. ఎంప్లాయ్‌మెంట్ పాస్ అనే ఉద్యోగ అనుమతి మీద ఉన్న అబ్బాయి తల్లిదండ్రుల్ని ఇలా తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 12,000 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి. వచ్చాక జబ్బు చేస్తే బిల్లు మొత్తం మనదే. మీ వ్యాసంలో రాసిన పథకాల్లో చాలా భాగం ఇక్కడి పౌరులకు, కొన్ని మాత్రం పర్మనెంట్ రెసిడెంట్లకు కూడా. అది ఏ దేశమైనా చేసేదే, నేను తప్పు పట్టను. తెలియక వచ్చి ఇబ్బంది పడకూడదని చెబుతున్నాను.

2017లో అత్తగారికి డిమెన్షియా అని తేలింది. పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోవడంతో మొదలై, రాత్రి రెండు గంటలకు చీర కట్టుకుని "ఇంటికి పోదాం" అనడం దాకా వచ్చింది. మా ఇద్దరికీ ఉద్యోగాలు. ప్రైవేటు ఉద్యోగుల్లో తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి సెలవు ఇవ్వాలన్న చట్టం ఇక్కడ ఇప్పటికీ లేదు. అప్పుడు ఇక్కడ అందరూ చేసేదే మేమూ చేశాం. హెల్పర్‌ను, అంటే మా ఇంట్లోనే ఉండి పనిచేసే విదేశీ మనిషిని, పెట్టుకున్నాం.

ఆమెది మయన్మార్, మాండలే దగ్గరి ఊరు. అమ్మాయి అని అలవాటుగా అంటాం గానీ, వచ్చేటప్పటికే ఆమెకు 38 ఏళ్ళు. తొమ్మిదేళ్ళ కొడుకును తల్లి దగ్గర వదిలి వచ్చింది. జీతం నెలకు 650 డాలర్లు. విదేశీ మనిషిని పెట్టుకున్నందుకు ప్రభుత్వానికి మేము కట్టే లెవీ 2019 నుంచి నెలకు 300. ఇంట్లో 67 నిండిన పౌరులుంటే ఆ లెవీ 60కి తగ్గుతుంది గానీ, అత్తగారి పాస్ వల్ల మాకు ఆ రాయితీ రాలేదు.

మూడు నెలల్లో ఆమె తెలుగు మాటలు నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. అత్తగారి నోట విని, ఏ మాటకు ఏం కావాలో చూసి నేర్చుకుంది. "అవ్వా, లే." "మాత్ర." "చాలా, ఇంకా కావాలా?" ఒకసారి అత్తగారు "ఉక్కగా ఉంది" అంటే ఆమె లేచి ఫ్యాన్ వేసింది. నేను వంటగదిలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయికి ఆ మాట తెలియదు.

2019లో న్యుమోనియా వచ్చి అత్తగారిని ఒక ఆస్పత్రిలో చేర్చాం. అప్పటికి ఆవిడకు తెలుగు తప్ప అన్నీ పోయాయి. ఒకప్పుడు కొంచెం హిందీ, కొంచెం ఇంగ్లిష్ వచ్చు, అవీ పోయాయి. నేను డ్యూటీలో ఉన్న సమయంలో అక్కడి నర్సు తమిళంలో మాట్లాడి చూసింది. ఆవిడ చెయ్యి విదిలించి అరుస్తుంటే, రోగి కలవరంలో ఉంది, మాట తెలియడం లేదు అని కాగితం మీద రాశారు. చేతులు కట్టేయాలా అనే ఆలోచన దాకా వెళ్ళారు. మా హెల్పర్ అడ్డం వెళ్ళి, ఆవిడ 'చలేస్తోంది' అంటోంది, దుప్పటి ఇవ్వండి అని ఇంగ్లిష్‌లో చెప్పింది. దుప్పటి కప్పారు. నిద్రపోయారు. మయన్మార్ నుంచి వచ్చిన మనిషి సింగపూర్ ఆస్పత్రిలో ఒక తెలుగావిడకు దుబాసీ అయింది. నర్సుగా నాకు ఆ కాగితం చూసి సిగ్గేసింది. ఎందుకంటే నేను కూడా అదే మాట ఎందరి గురించి రాసి ఉంటానో.

భాష సంగతి తెలుగువాళ్ళదే కాదు. ఇక్కడి చైనీస్ పెద్దవాళ్ళ నోట వచ్చేది హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్. 1979 నుంచి చైనీస్ వాళ్ళందరూ మాండరిన్ అనే ప్రామాణిక చైనీస్ మాట్లాడాలని ప్రచారం చేశారు. టీవీలో, రేడియోలో ఆ మాండలికాలు తగ్గించేశారు. ఫలితంగా మనవడికి అవ్వ మాట రాదు, అవ్వకు మనవడి మాట రాదు. నేను నేర్చుకున్న నాలుగు హొక్కియెన్ ముక్కల్లో మొదటిది "జియాక్ పా బోయ్?", అంటే తిన్నారా అని. సొంత మనవడి నోట వినని మాట నా నోట విని ముసలివాళ్ళ ముఖాలు విప్పారేవి. చివరికి 2016లో ప్రభుత్వమే తన పథకాల గురించి పెద్దవాళ్ళకు చెప్పడానికి హొక్కియెన్‌లో టీవీ సీరియల్ తీయించింది.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. 2021 జులైలో మయన్మార్‌లో కోవిడ్ విపరీతంగా ఉంది. దానికి ముందే ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. మా హెల్పర్ తల్లికి జ్వరం, ఆక్సిజన్ దొరకడం లేదని తమ్ముడు ఫోన్ చేశాడు. విమానాలు దాదాపు లేవు. వెళ్ళినా తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. తిరిగి రాకపోతే కొడుకు చదువుకు డబ్బు లేదు. అయిదో రోజు తల్లి పోయింది. అంత్యక్రియలు ఫోన్‌లో చూసింది. మా అత్తగారి మంచం పక్కన నేల మీద కూర్చుని చూసింది, ఎందుకంటే సిగ్నల్ అక్కడే బాగా వస్తుంది. మధ్యలో అత్తగారు "నీళ్ళు" అన్నారు. నేను లేచేలోపే ఆమె లేచి ఇచ్చింది.

వారం సెలవు తీసుకోమన్నాను. తీసుకుని ఏం చేస్తుంది? ఉండేది మా ఇంట్లోనే. మర్నాడే పనిలో పడింది. తన తల్లికి చివరి రోజుల్లో గుక్కెడు నీళ్ళు ఇవ్వలేని మనిషి మా ఇంటి పెద్దావిడకు ఇచ్చింది. దీన్ని నేను ఏ పథకం కింద రాసుకోవాలో నాకు తెలియదు, సార్.

సింగపూర్‌లో ఇలా ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు దాదాపు 3 లక్షల మంది. కొందరు పిల్లల్ని చూసుకుంటారు, కొందరు వంట చేస్తారు. నేను నర్సుగా వెళ్ళే ఇళ్ళల్లో మాత్రం తలుపు తీసేది సగం చోట్ల వాళ్ళే. పక్క మీదున్న మనిషిని రెండు గంటలకోసారి తిప్పేది, ట్యూబులో పాలు పోసేది, డైపర్ మార్చేది వాళ్ళే. వాళ్ళు చక్కగా చూసుకున్న ఇంట్లో బెడ్‌సోర్, అంటే మంచాన పడినవాళ్ళకు ఒత్తిడి వల్ల వచ్చే పుండు, ఉండదు. అది నేను కళ్ళారా చూసే లెక్క. ఈ దేశపు వృద్ధాప్య ఏర్పాట్లలో వాళ్ళు గోడలో ఇటుకల్లాంటివాళ్ళు. కానీ ఉద్యోగుల చట్టం వాళ్ళకు వర్తించదు. నెలలో కనీసం ఒక్క రోజైనా డబ్బుతో కొనేయకుండా నిజంగా సెలవు ఇచ్చి తీరాలన్న నియమం 2023లో వచ్చింది. సీపీఎఫ్ వాళ్ళకు లేదు. ఒక వయసు దాటితే పని పర్మిట్ ఉండదు. ముప్పై ఏళ్ళు ఇతరుల ముసలితనాన్ని మోసిన మనిషి తన ముసలితనానికి ఏ పెన్షనూ లేకుండా ఇంటికి వెళ్ళిపోతుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. వాడవాడలా పెద్దవాళ్ళ కేంద్రాలున్నాయి. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఒంటరిగా ఉన్నారో చూస్తారు. మంచాన పడ్డ పౌరుడి కుటుంబానికి నెలనెలా కొంత డబ్బు అందుతుంది, ఆ డబ్బు హెల్పర్ జీతానికి కూడా వాడుకోవచ్చు. 1995లోనే తల్లిదండ్రుల పోషణ చట్టం చేశారు. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళి నెలకు ఇంత అని అడగవచ్చు. నా రోగుల్లో ఒకాయనకు అలా డబ్బు వచ్చేది. కొడుకు మాత్రం రాలేదు. 2024 డిసెంబరు నుంచి, పని వేళలు మార్చమని ఉద్యోగి అడిగితే యజమాని సరిగ్గా ఆలోచించి జవాబు చెప్పాలన్న మార్గదర్శకాలు వచ్చాయి. చూసుకునే కూతుళ్ళకు అది కొంత మేలు. నా కోరిక ఒక్కటే. మనం ఇచ్చే ఆ లెవీలోంచి నెలకు కొంత ఆ హెల్పర్ పేరున పొదుపు చేసి, ఆమె తిరిగి వెళ్ళే రోజు చేతిలో పెట్టాలి. లెవీ కట్టే ఇంటి మనిషిగా నాకు ఇది అడిగే హక్కు ఉందనుకుంటున్నాను. ఇక్కడి మా ఎంపీని కలిసినప్పుడు కూడా అడిగాను. ఆయన రాసుకున్నారు.

అత్తగారు 2022లో పోయారు. అప్పటికి ఆవిడకు 89. చివరి నెలల్లో నన్ను గుర్తుపట్టలేదు, వాళ్ళబ్బాయినీ గుర్తుపట్టలేదు. మా హెల్పర్‌ను మాత్రం "పాపా" అని పిలిచేవారు. ఆమె ఇప్పుడు జురాంగ్‌లో వేరే ఇంట్లో ఒక పెద్దాయన్ని చూసుకుంటోంది. వయసు 46.

మీ విలేకరి మళ్ళీ ఎప్పుడైనా సింగపూర్ వస్తే, కాంపుంగ్ అడ్మిరల్టీతో పాటు ఒక ఆదివారం సిటీ హాల్ స్టేషన్ దగ్గరి పెనిన్సులా ప్లాజాకు కూడా పంపండి. మయన్మార్ వాళ్ళు కలుసుకునే చోటు అది. డబ్బు పంపే దుకాణాలు, వాళ్ళ టీ, తమలపాకులు, అన్నీ ఉంటాయి. మా ఇంట్లో ఉన్నప్పుడు ఆమె రెండు నెలలకోసారి అక్కడికి వెళ్ళి, ఊరికి వెళ్ళే ఎవరి చేతికైనా ఇచ్చి తల్లికి మోకాళ్ళ నొప్పి పట్టీలు పంపేది. ఏ రకం బాగా పనిచేస్తాయని నన్నే అడిగేది, నర్సునని. తల్లి పోయాక ఒక పెట్టె పంపకుండా మిగిలిపోయింది. దాన్ని మా అత్తగారి మోకాళ్ళకు వాడింది.

ఇట్లు
మీ పాఠకురాలు,
వుడ్‌లాండ్స్, సింగపూర్